పిల్లలతో నదీయానము

మన యిండ్లలో బిడ్డలకు నదినిగూర్చి చెప్పు మొదటి మాట "ఆ వైపు పోవద్దు" అనునది. ఏటిగట్టున పుట్టి పెరిగినవారు సైతము తమ పిల్లలను ఒంటరిగా రేవు దరికి పోనీయరు. ఇందుకు కారణము లేకపోలేదు. గోదావరి కానిండు, కృష్ణ కానిండు, పెన్న కానిండు, ఏ నది యొడ్డున విచారించినను మునిగిపోయిన పిల్లవాని కథ యొకటి వినబడును. పుష్కరములనాడు పెద్దవారి చేయి పట్టుకొని మూడు మునుగులు మునిగి వచ్చుటయే మనలో పెక్కుమందికి నదితో గల పరిచయము. నదిని తల్లి యని పూజింతుము. ఆ తల్లి స్వభావమెట్టిదో, ఎప్పుడు శాంతముగా నుండునో, ఎప్పుడు ఉగ్రరూపము దాల్చునో బిడ్డలకు తెలియజెప్పుటకు మాత్రము మన చదువులలో చోటు లేదు.

అమెరికా పశ్చిమ రాష్ట్రములలో మరియొక ఆచారము కనబడును. వేసవి సమీపింపగనే తల్లిదండ్రులు ఆరేండ్ల, ఏడేండ్ల పిల్లలను వెంటబెట్టుకొని, గుడారములు, వంటపాత్రలు, త్రాగునీరు, పడుకొను చాపలు సమస్తమును ఒక గాలి నింపిన రబ్బరు తెప్పమీద కెక్కించి, మూడు నాలుగు దినములు నదివెంట ప్రయాణము చేయుదురు. పగలు నీటిపై, రాత్రులు ఇసుకతిన్నెలపై. దీనిని వారు రాఫ్టింగు అందురు. మన భాషలో తెప్పప్రయాణమనిన సరిపోవును. తెలుగు కుటుంబములు ఆ దేశమున అనేకముగా స్థిరపడియున్న ఈ కాలమున ఇది మనకు కేవలము పరాయి ముచ్చట కాజాలదు.

పసిపిల్లలను పారునీటిమీదికి కొనిపోవుట సాహసమా, దుస్సాహసమా? ఈ ప్రశ్నకు గాలిలో సమాధానము చెప్పుటకంటె, ఇట్టి ప్రయాణములకు పేరుపొందిన ఒక నదిని తీసికొని, అచట పెద్దలు ఏమి చేయుదురో, పిల్లలు ఏమి నేర్తురో పరిశీలించుట మేలు. ఆ నది పేరు శాన్ హువాన్.

నది నడక

శాన్ హువాన్ నది కొలరాడో రాష్ట్రపు నైరృతి భాగముననున్న మంచుకొండలలో పుట్టి, న్యూమెక్సికోలో ప్రవేశించి, పిదప యూటా రాష్ట్రపు ఎడారి భూములగుండ సాగి, పావెల్ అను పెద్ద జలాశయమున కొలరాడో నదితో కలియును. దీని పొడవు సుమారు 600 కిలోమీటర్లు. వసంతమున కొండలపై మంచు కరగుటతో నీరు పెరుగును. వేసవి చివర ఉరుములతో కూడిన వానలు కురిసినపుడు ప్రక్కవాగులు ఒక్కుమ్మడిగా పొంగి నదిలో పడును. 1962లో న్యూమెక్సికోలో నవాహో ఆనకట్ట పూర్తియైన నాటినుండి నది ప్రవాహము కొంతవరకు మనుష్యుల అదుపులోనికి వచ్చినది.

యూటాలోని బ్లఫ్ అను చిన్న గ్రామమునకు చేరువ సాండ్ ఐలండ్ అను రేవు కలదు. తెప్పలు అచటనుండి బయలుదేరును. అచటికి 27 మైళ్ల దిగువన, అనగా సుమారు 43 కిలోమీటర్ల దూరమున, మెక్సికన్ హ్యాట్ అను ఊరు. మెక్సికో దేశీయుల వెడల్పాటి టోపీని పోలిన బండ యొకటి అచట కొండకొమ్మున నిలిచియుండుటచే ఆ పేరు వచ్చినది. పిల్లలు గల కుటుంబములు సాధారణముగా ఈ భాగమునే ఎన్నుకొందురు. నదికి ఉత్తరపు గట్టు చాలవరకు కేంద్రప్రభుత్వ భూమి. దక్షిణపు గట్టు నవాహో జాతివారి స్వపరిపాలిత ప్రదేశము. తెప్పలు నడుపుటకు ప్రభుత్వ శాఖవారి అనుమతిపత్రము ఉండవలెను. దరఖాస్తులు మిక్కుటము, తావులు పరిమితము. కావున చీట్లు వేసి అనుమతులు పంచుదురు. నవాహోవారి గట్టున బస చేయదలచినచో వారి అనుమతి వేరుగా పొందవలెను.

ఈ నది మైలుకు ఏడెనిమిది అడుగుల చొప్పున క్రిందికి దిగును. అందుచే తెడ్డు వేయకున్నను తెప్ప చాలవరకు తానే సాగిపోవును. మెక్సికన్ హ్యాట్ దాటిన పిదప నది వెయ్యి అడుగుల లోతైన లోయలో పాము మెలికలవలె తిరుగును. తిన్నగా కొలిచినచో మైలున్నర మాత్రమేయగు దూరమును దాటుటకు నది అచట ఆరు మైళ్లు ప్రయాణము చేయును. పిల్లవాడు మ్యాపు విప్పి చూచి, నది ఇట్లేల వంకరలు తిరిగెనని అడుగును. పూర్వమొకప్పుడు ఆ ప్రదేశము చదునుగా నుండెడిది. చదునునేలపై నదులు మెలికలు తిరుగుట సహజము. తరువాత ఆ భూభాగమంతయు మెల్లమెల్లగా పైకి లేచినది. నది తన దారి విడువక, ఆ మెలికలనే పట్టుకొని క్రిందికి కోసికొనుచు పోయినది. భూగోళ పాఠములో ఒక పేరాగా చదివిన విషయము అచట గోడలై నిలిచి కనబడును. ఆ గోడలలోని పొరలలో కొన్ని ముప్పది కోట్ల సంవత్సరముల నాటివి.

నీటి అక్షరములు

పారు నీటికి ఒక లిపి కలదు. దానిని చదువనేర్చినవాడే తెప్ప నడుపుటకు తగినవాడు. మన సరంగులు, బెస్తలు ఈ లిపిని తరతరములుగా ఎరుగుదురు. పుస్తకములలో వ్రాసియుంచినవారు మాత్రము తక్కువ.

నదిలో ఉరవడి గల తావులు ఎందుకు ఏర్పడును? ప్రక్కలోయలలోని వాగులు వరదవేళ బండలను దొర్లించుకొని వచ్చి నదిలో కుప్ప పోయును. ఆ కుప్పవలన నది సన్నబడి, వేగము పెరిగి, అలలు లేచును. కనుక ప్రక్కవాగు కలియుచోట జాగ్రత్తగా నుండవలెనని మ్యాపు చూచియే గ్రహింపవచ్చును. అట్టిచోట నీటి పైభాగమును పరికించినచో, నునుపైన నీరు నాలుకవలె సాగి, దిగువవైపు మొనదేలియుండును. లోతైన దారి అదియే. అట్లుకాక మొన ఎగువవైపు తిరిగియున్నచో, ఆ మొనవద్ద బండ దాగియున్నదని అర్థము. ఒక గుర్తే, అది తిరిగిన దిక్కునుబట్టి ఒకటి దారి చూపును, రెండవది ముప్పును సూచించును. ఎనిమిదేండ్ల పిల్లలు సైతము ఒక్క పూటలో దీనిని నేర్చుకొని, తరువాత పెద్దలకంటె ముందుగా గుర్తింతురు.

పెద్ద బండకు వెనుక నీరు తిరుగబడి ఎగువకు పారును. తెప్పవారు అచట ఆగి విశ్రమింతురు. నది నడుమ ఒక నెమ్మదియైన గది వంటిది అది. ఇట్టి తావుల వరుసను చూచుకొనుచు, ఒకదానినుండి వేరొకదానికి సాగుటయే నేర్పరుల పద్ధతి.

ఉరవడులను ఒకటి మొదలు ఆరు వరకు తరగతులుగా విభజింతురు. ఒకటవ తరగతి కదలు నీరు మాత్రమే. ఆరవది ప్రాణాంతకము. సాండ్ ఐలండ్, మెక్సికన్ హ్యాట్‌ల నడుమ ఉన్నవి చాలవరకు రెండవ తరగతివి. నీరు పెరిగినపుడు కొన్ని మూడవ తరగతిని అందుకొనును. నీటి పరిమాణమును అచటను క్యూసెక్కులలోనే లెక్కింతురు. క్షణమునకు ఒక ఘనపుటడుగు, అనగా సుమారు 28 లీటర్ల నీరు పారినచో అది ఒక క్యూసెక్కు. మన వార్తాపత్రికలలో వరదల దినములలో లక్షల క్యూసెక్కులని చదువుచుందుము. ఒక్క క్యూసెక్కు ఎంత నీరో కన్నులార చూచిన పిల్లవానికి లక్ష యను మాటలోని బరువు తెలియును.

శాన్ హువాన్‌లో మరియొక వింత కలదు. ఈ నది మిక్కిలి బురదనీటిది. అడుగున ఇసుక మెత్తగా కదలుచు, ప్రవాహము బలముగా నున్నపుడు గట్లవలె ఏర్పడును. ఆ గట్లపై నీరు అలలై లేచును. అంతవరకు నున్నగానున్న నదిపై హఠాత్తుగా ఒక వరుస అలలు పుట్టి, పెరిగి, విరిగి, కొలది నిమిషములలో మాయమగును. అడుగున బండ లేదు, పైన గాలి లేదు, అల మాత్రము వచ్చినది. ఈ అలలకు కారణమైన ఇసుకగట్లు నీటితోపాటు దిగువకు పోక, ఎగువవైపు జరుగుచుండును. విజ్ఞానశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడు ఇంతకంటె మంచి ప్రయోగశాలను కోరుకొనలేడు.

బయలుదేరుటకు ముందు

ఇట్టి ప్రయాణమున అన్నింటికంటె ముఖ్యమైనది లైఫ్‌జాకెట్టు. ఇది ఉన్నదా లేదా అనుటతో పని తీరదు. సరిపోవునదా యనునది ప్రశ్న. పెద్దవాని జాకెట్టు పిల్లవానికి తొడిగినచో, నీటిలో పడగనే జాకెట్టు పైకి తేలి, బిడ్డ దానిలోనుండి క్రిందికి జారిపోవును. అందుచే బరువునుబట్టి, ఛాతీ కొలతనుబట్టి పిల్లల జాకెట్టు వేరుగా ఎన్నుకొందురు. చిన్నపిల్లల జాకెట్టుకు తొడల నడుమనుండి కట్టు పట్టీ ఉండును. మెడవెనుక తలను పైకి నిలుపు దిండు ఉండును. తొడిగి, పట్టీలన్నియు బిగించిన పిదప భుజములవద్ద పట్టుకొని పైకి ఎత్తి చూతురు. జాకెట్టు గడ్డము దాటి పైకి వచ్చినచో అది పనికిరాదు. తరువాత పెద్దలు దగ్గరనుండగా నిలుకడనీటిలో బిడ్డను తేల్చి చూతురు. ఈ పరీక్ష ఇంటివద్దనే జరుగవలెను. నదికి చేరిన పిదప దానికి తీరిక ఉండదు.

నీటిలో పడినచో ఏమి చేయవలెనో కూడ ముందే అభ్యసింపజేయుదురు. వెల్లకిల తేలి, పాదములను దిగువవైపు ఉంచి, కాలివ్రేళ్లు నీటిపై కనబడునట్లు పండుకొనవలెను. బండ తగిలినచో పాదములతో త్రోసికొనవలెను. మోకాలిలోతు నీరే యని లేచి నిలువబోరాదు. పాదము రెండు బండల నడుమ ఇరుక్కొన్నచో ప్రవాహము మనిషిని ముందుకు పడద్రోసి, తల నీటిలో ముంచును. ఈతగాండ్రు సైతము లోతులేని నీటిలో ప్రాణములు పోగొట్టుకొనుటకు ఇదియొక కారణము. పిల్లలను భద్రతకొరకని తెప్పకు కట్టుట మన మనస్సుకు సహజముగా తోచు ఉపాయము. అది మహాప్రమాదము. తెప్ప తిరుగబడినచో కట్టబడిన బిడ్డ దాని క్రింద చిక్కుకొనును.

మంచునుండి కరగివచ్చిన నీరు మిక్కిలి చల్లనిది. నూలుబట్టలు తడిసినచో ఆరక, ఒంటిలోని వేడిని లాగివేయును. కావున ఉన్నిబట్టలుగాని, త్వరగా ఆరు కృత్రిమపు నూలు బట్టలుగాని తొడుగుదురు. ఎడారి యగుటచే ఎండ తీవ్రము. మనిషికి దినమునకు నాలుగు లీటర్ల చొప్పున త్రాగునీరు వెంట గొనిపోవుదురు.

ఉరవడికి ఎగువన తెప్పను ఒడ్డుకు చేర్చి కట్టి, పెద్దలు గట్టువెంట నడచిపోయి దానిని పరిశీలింతురు. నీరు అనుకొన్నదానికంటె బలముగా నున్నదని తోచినచో పిల్లలను గట్టువెంట నడిపించి, నేర్పుగలవాడు ఒక్కడే ఖాళీ తెప్పను దాటించును. ఇందులో ఎవరికిని అవమానము లేదు. పిల్లలు దీనిని చూచి నేర్చుకొను పాఠము చాల గొప్పది. తమ తండ్రి బలవంతుడు, నేర్పరి. అయినను నీటిని చూచి ఆగినాడు అని వారు గ్రహింతురు.

ఇసుకపై రాత్రి

సాయంకాలమునకు ఒడ్డు చేరుదురు. గుడారములు నీటి అంచునకు ఎత్తుగా వేయుదురు. తెప్పలను గట్టి చెట్టుకో, ఇసుకలో లోతుగా పాతిన గుంజకో కట్టుదురు. పిల్లలకు ఒక పని అప్పగింతురు. నీటి అంచున ఒక పుల్ల పాతవలెను. పడుకొనుటకు ముందు చూడవలెను. తెల్లవారినంతనే మరల చూడవలెను. రాత్రి నది ఎంత పెరిగినదో, తగ్గినదో ఆ పుల్ల తెలుపును. ఎగువన ఎక్కడో వాన కురిసినచో, తలపై నక్షత్రములు మెరయుచుండగనే నీరు పెరుగవచ్చును. ఈ పని పిల్లలకు ఆటవలె తోచును గాని, శిబిరములోని వారందరి క్షేమమునకు అది అవసరము. ఇట్లు బాధ్యత అప్పగింపబడిన బిడ్డ నదిని నిర్లక్ష్యము చేయడు.

నదినీరు బురదగా నుండుటచే పాత్రలు కడుగుటకును పనికిరాదు. బొక్కెనలలో పట్టి, పటిక పొడి కలిపి, తేరనిత్తురు. కొంతసేపటికి బురద అడుగున పేరుకొని పైనీరు తేటపడును. ఈ మాట వినగనే మన పెద్దలకు గోదావరి వరదనీటిలో ఇండుపగింజ అరగదీసి కలిపిన దినములు జ్ఞప్తికి వచ్చును. ఇండుపగింజ, పటిక చేయు పని యొకటియే. నీటిలో తేలాడు సూక్ష్మమైన మట్టిరేణువులు ఒకదానినొకటి దరికి రానీయక ఉండును. ఇవి వానిని ఒకటిగా చేర్చి బరువెక్కించి క్రిందికి దింపును. త్రాగుటకు మాత్రము ఇది చాలదు. వడబోసి కాచవలెను.

ఈ ప్రయాణములలో అన్నింటికంటె కఠినమైన నియమము పరిశుభ్రతకు సంబంధించినది. తెచ్చిన వస్తువేదియు అచట విడువరాదు. పండుతొక్క సైతము తిరిగి కొనిపోవలెను. నేలమీద మంట వేయరాదు. లోహపు పళ్లెములో వేసి, చల్లారిన బూడిదను మూట గట్టవలెను. మలమును సైతము మూతగల పెట్టెలో భద్రపరచి వెంట గొనిపోవలెను. పూర్వము ఇందుకు సైన్యమువారి తూటాల పెట్టెలను వాడెడివారు. వాని అంచులు కూర్చున్నవారి చర్మముపై గాళ్లు వేయుటచే ఆ పెట్టెకు గాడి అను అర్థము వచ్చు ముద్దుపేరు కలిగినది. పిల్లలు ఈ కథ విని విరుగబడి నవ్వుదురు. నవ్వుల నడుమనే, తాము చేసిన మలినమునకు తామే బాధ్యులమను సంగతి వారి మనస్సున నాటుకొనును. ఏటేట వేలాదిమంది బస చేయు ఆ ఇసుకతిన్నెలు శుభ్రముగా నుండుటకు కారణము ఈ పెట్టెయే. మన పుష్కరఘట్టములను తలచుకొన్నచో ఈ విషయమును ఎగతాళిగా తీసికొనలేము.

చీకటి పడిన పిదప ఆకాశము చూడవలసినది. ఆ జిల్లాలోనే గల నాచురల్ బ్రిడ్జెస్ అను రక్షితప్రదేశము 2007లో ప్రపంచమునకెల్ల మొదటి అంతర్జాతీయ చీకటి ఆకాశ ఉద్యానముగా గుర్తింపు పొందినది. నగరములలో పుట్టిన పిల్లలు పాలపుంతను అచట తొలిసారిగా చూతురు. మనలో ఎందరు పిల్లలు దానిని చూచియుందురో ఉపాధ్యాయులు తమ తరగతిలో అడిగి తెలిసికొనవచ్చును.

ముందు నడచినవారు

బ్లఫ్ గ్రామము పుట్టిన కథయే ఒక కుటుంబయాత్ర. 1879 చివర మోర్మన్ మతస్థులు సుమారు 250 మంది, స్త్రీలు, పసిపిల్లలతో సహా, 80కి పైగా బండ్లతో శాన్ హువాన్ దరికి వలస బయలుదేరిరి. ఆరు వారములలో చేరుదుమనుకొనిరి. ఆరు మాసములు పట్టినది. కొలరాడో నది లోయ అంచున రాతిలోని సన్నని చీలికను మందుగుండుతో వెడల్పుచేసి, బండ్లను త్రాళ్లతో క్రిందికి దింపిరి. దారిలోనే శిశువులు జన్మించిరి. 1880 ఏప్రిల్‌లో అలసిసొలసి నది యొడ్డున నిలిచిపోయిన చోటే బ్లఫ్.

వారికంటె ఎన్నో శతాబ్దములకు పూర్వమే అచట జనులుండిరి. ప్యూబ్లో జాతుల పూర్వికులు గుట్టల నీడలో రాళ్లు పేర్చి కట్టిన ఇండ్లు నేటికిని నిలిచియున్నవి. బట్లర్ వాగు నదిలో కలియుచోట ఎత్తైన బండగోడపై వెడల్పైన భుజములు గల మానవాకృతులు వరుసగా చెక్కబడియున్నవి. పదుమూడవ శతాబ్ది ముగియునప్పటికి ఆ జనులు ఆ ప్రదేశమును విడిచి దక్షిణమునకు తరలిపోయిరి. వారి సంతతివారు నేటికిని న్యూమెక్సికో, ఆరిజోనాలలో నివసించుచున్నారు. తెప్పలవారు అచట ఆగి పిల్లలకు ఈ చిత్రములను చూపుదురు. తాకనీయరు. చేతి చెమటలోని జిడ్డు రాతిని పాడుచేయును. ఇసుకలో కుండపెంకు దొరికినచో చేతిలోనికి తీసికొని చూచి, ఉన్నచోటనే మరల ఉంచవలెను. ఇట్టి వస్తువుల రక్షణకై 1979లో ప్రత్యేక చట్టము చేయబడినది. మన కర్నూలు ప్రాంతపు కేతవరమువద్దను ప్రాచీన శిలాచిత్రములు కలవు. అవి మన పిల్లలలో ఎందరికి తెలియును? తెలిసి పోయినవారిలో ఎందరు బండపై పేరు గీయక తిరిగివత్తురు?

మెక్సికన్ హ్యాట్ ఊరివాడైన నార్మన్ నెవిల్స్ అనునతడు ఈ నదిపై యాత్రికులను తీసికొనిపోవుటను వృత్తిగా చేపట్టెను. 1938లో ఎల్జాడా క్లోవర్, లోయిస్ జోటర్ అను ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు అతని పడవలపై గ్రాండ్ కాన్యన్ గుండ ప్రయాణము చేసి, అచటి మొక్కలను సేకరించి పట్టిక వేసిరి. ఆ లోయను పడవపై పూర్తిగా దాటిన స్త్రీలలో తొలివారుగా వారు పేరుపొందిరి. వారు బయలుదేరినపుడు పత్రికలు వారి చదువునుగాక, స్త్రీలు ఇట్టి పనికి పూనుట తగునా యనుదానినే ఎక్కువగా చర్చించెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప సైన్యమువారు వాడి మిగిలిన రబ్బరు తెప్పలు చౌకగా లభించుటతో ఈ ప్రయాణములు సామాన్య కుటుంబములకును అందుబాటులోనికి వచ్చినవి.

మరువరాని రెండు దినములు

ఇంతవరకు చెప్పినదంతయు చదివి, ఉత్సాహముతో వెంటనే పిల్లలను ఏటికి తీసికొనిపోవుదమని ఎవరైన తలచినచో, వారు రెండు తేదీలను స్మరింపవలెను.

2014 జూన్ 8వ తేదీన హిమాచలప్రదేశమున బియాస్ నదిలో, హైదరాబాదునుండి విహారయాత్రకు పోయిన ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, వారితో పోయిన యాత్రానిర్వాహకుడొకడు కొట్టుకొనిపోయిరి. వారు ఎవరును ఈతకు దిగలేదు. నది నడుమ పైకి తేలియున్న బండలపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొనుచుండిరి. ఎగువన లార్జీ ఆనకట్టనుండి నీరు విడువబడినది. చూచుచుండగనే బండల చుట్టును నీరు పెరిగినది. ఒడ్డుకు చేరుటకు వ్యవధి లేకపోయెను.

2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలను చూడబోవు పర్యాటకుల పడవ దేవీపట్నము మండలము కచ్చులూరువద్ద గోదావరిలో మునిగిపోయినది. నది ఆనాడు వరదమీద నుండెను. పడవలో ఉన్నవారు 77 మంది. 26 మంది మాత్రము ప్రాణములతో బయటపడిరి. మృతులలో పసిపిల్లలు కలరు. మునిగిన పడవను నది అడుగునుండి వెలికితీయుటకు అక్టోబరు 22వ తేదీ వరకు పట్టినది.

ఈ రెండు దినములలోను నది తన సహజధర్మమునే నెరవేర్చినది. ఒక ఘనమీటరు నీరు వెయ్యి కిలోగ్రాముల బరువు. దాని వేగము రెండింతలైనచో అది అడ్డమునుపై చూపు ఒత్తిడి నాలుగింతలగును, మూడింతలైనచో తొమ్మిదింతలగును. ఈ లెక్కను మన పిల్లలు పరీక్షలలో వ్రాసి మార్కులు తెచ్చుకొందురు. ఏటియొడ్డున నిలిచినపుడు ఆ లెక్క వారి తలపునకు రాదు. ఎగువన ఆనకట్ట యున్నదా, అది ఎప్పుడు నీరు విడుచును, నేడు నది ఎంత పారుచున్నది, తప్పుకొనుటకు దారి ఏది అను నాలుగు ప్రశ్నలు వేసికొని జవాబు తెలిసిన పిదపనే నదిలో అడుగు పెట్టవలెనని వారికి ఎవరును నేర్పలేదు. హెచ్చరింపవలసిన అధికారుల బాధ్యత ఎంతమాత్రమును తక్కువది కాదు. కాని హెచ్చరిక రాకపోవచ్చునని ఎరిగియుండుటయు ఒక విద్యయే.

శాన్ హువాన్‌పై కుటుంబములు నిర్భయముగా పయనించుటకు కారణము ఆ నది మెత్తనిదగుట కాదు. అచటను ప్రమాదములు జరుగవచ్చును. సరిపడు జాకెట్టు ఒంటినుండవలెను, ప్రవాహపు లెక్క ముందుగా చూచుకొనవలెను, సందేహము కలిగినచో ఒడ్డున ఆగవలెను అను మూడు నియమములను వారు పిల్లలముందు తామే పాటింతురు. ఎండగా నున్నదని, ఉక్కగా నున్నదని జాకెట్టు విప్పి ప్రక్కన పెట్టిన తండ్రి బిడ్డకు ఎంత బోధించినను వ్యర్థము.

బడులు చేయదగిన పని

మన పాఠశాలలవద్ద తెప్పలు లేవు. కొన్న చాలునన్నంత ధనమును లేదు. అయినను చేయదగినది కలదు.

భద్రాచలమున గోదావరి మట్టమును కొలుచు గుర్తులు కలవు. అచట నీరు 43 అడుగులకు చేరినచో మొదటి ప్రమాదహెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ప్రకటింతురు. 1986 ఆగస్టులో అచట నీరు 75.6 అడుగులకు చేరినది. 2022 జూలైలో 71.3 అడుగులు నమోదైనది. వానకాలమున ప్రతిదినము పత్రికలలో వచ్చు ఈ అంకెలను తరగతిగోడపై గ్రాఫుగా గీయింపవచ్చును. ఎగువ గోదావరిలోను, ప్రాణహితలోను, ఇంద్రావతిలోను నీరు పెరిగిన ఎంతకాలమునకు భద్రాచలమున పెరుగుచున్నదో పిల్లలే కనిపెట్టగలరు. కృష్ణాతీరమున శ్రీశైలము, నాగార్జునసాగరము, ప్రకాశం బ్యారేజి అంకెలతో ఈ పనియే చేయవచ్చును. ఊరిచెరువు తూమువద్దను, కాలువ లాకులవద్దను పుల్ల పాతి నీటిమట్టము చూచుటకు ఒక్క కాసు ఖర్చు లేదు. పెద్దలు తోడుండిన చాలును.

ఈత నేర్చుట మరియొకటి. పూర్వము పల్లెలలో దిగుడుబావులలో మునగబెండ్లు నడుమునకు కట్టి పిల్లలకు ఈత నేర్పెడివారు. బావులు పూడినవి, నేర్పువారు తగ్గిరి. ఆటస్థలము వలె ఈత నేర్చు తావును ప్రతి మండలమునకు ఒకటియైన ఉండవలెనని ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు పట్టుబట్టి అడుగవలెను. పడవ ఎక్కు ప్రతి విద్యార్థియు, ఎక్కకముందే, జాకెట్టు ఏదియని అడుగుటకు వెనుదీయకుండునట్లు తయారు చేయవలెను. సరిపోవు జాకెట్టు లేనిచో పడవ దిగి నిలువగల ధైర్యమును అతనికి ఈయవలెను. ఆ మాట అన్న పిల్లవానిని పిరికివాడని హేళన చేయక, అతనితోపాటు తానును దిగు ఉపాధ్యాయుడు ఉన్ననాడు, విహారయాత్రకు పిల్లలను పంపు తల్లులు ఇంటివద్ద నిశ్చింతగా నుండగలరు.